గేదెను ముందు పట్టుకో: క్లాట్ ఇంగ్లీషు గురించి ఒక జవాబు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరండి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు అమలాపురంలో ఇంటర్ సీఈసీ, రెండో సంవత్సరం. లా చదవాలని నా కోరిక. డిసెంబర్లో లా ఎంట్రన్స్ క్లాట్ రాస్తాను. ఇంగ్లీషు సెక్షన్ దగ్గరే ఆగిపోతున్నాను. మోడల్ పేపర్లో 24 ప్రశ్నలూ రాస్తే 10 కరెక్ట్, 14 తప్పు. సీనియర్ అక్క ఒకావిడ ఇచ్చిన 5,000 మాటల లిస్టులో 1,800 దాకా బట్టీ పట్టాను, అయినా మార్కులు పెరగలేదండి. తెలుగు మీడియం వాళ్లకి ఇది అయ్యే పని కాదని ఒక లెక్చరర్ అన్నారు. నాన్న కొబ్బరి ఒలుపు పనికి వెళ్తారు. అప్పు చేసైనా హైదరాబాద్‌లో కోచింగ్‌కి పంపిస్తానంటున్నారు. లిస్టు పూర్తి చెయ్యనా? హైదరాబాద్ వెళ్లనా? అసలు నా వల్ల అవుతుందా?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అవుతుంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు, నీ ఉత్తరం చూసే అంటున్నాను. ఎక్కడ చదివావో, ఎక్కడ ఆగావో, ఇంట్లో పరిస్థితేంటో ఒకదాని తర్వాత ఒకటి చెప్పి, అడగాల్సింది చివర్లో అడిగావు. తను చెప్పేది ఇంత వరసగా చెప్పగలిగిన పిల్ల, ఇంకొకరు వరసగా చెప్పింది కూడా పట్టుకోగలదు. క్లాట్ ఇంగ్లీషులో పరీక్షించేది దాదాపుగా అదొక్కటే.

ఆ లెక్చరర్ గారి మాట మనసులోంచి తీసెయ్యి. నాదీ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ముప్పై ఏళ్లు ఇంగ్లీషే చెప్పి రిటైరయ్యాను. మీ చేలల్లో వడ్లు తినేసే పందికొక్కు ఉంది చూడు, ఇంగ్లీషు డిక్షనరీలో ఉన్న బ్యాండికూట్ అదే. మన మాటని వాళ్లు పట్టుకెళ్లి దాచుకున్నారు. ఆ భాష ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం మనకి లేదు.

ఇక లిస్టు. ఇవాళే ఆపెయ్యి. నేర్చుకున్న 1,800 ఎక్కడికీ పోవు, అవి అక్కరకొస్తాయి. మిగతా 3,200 కోసం ఈ ఆరు నెలలు ఖర్చు పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఎందుకో తెలియాలంటే పేపర్ ఎలా ఉంటుందో చూడాలి. క్లాట్ మొత్తం 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. అందులో ఇంగ్లీషు 22 నుంచి 26. ఒక్కో ప్యాసేజీ సుమారు 450 మాటలు, దాని కింద ప్రశ్నలు. ఫలానా మాటకి పర్యాయపదం రాయమని విడిగా ఒక్క ప్రశ్న కూడా రాదు. 2020 నుంచి పేపర్ మొత్తం ప్యాసేజీల మీదే నడుస్తోంది. రచయిత ఏమంటున్నాడు, దాన్నిబట్టి మనకి తేలేదేంటి, ఈ మాటని ఇక్కడ ఏ అర్థంలో వాడాడు అని అడుగుతారు. ఆ 'ఇక్కడ' అన్నదే నీ లిస్టులో లేదు.

శాంక్షన్ అన్న మాట తీసుకో. మన ఊళ్లో తెలియనివాళ్లుండరు. లోను శాంక్షనైంది, ఇల్లు శాంక్షనైంది అంటాం. అంటే అనుమతి దొరికింది. అదే మాట పేపర్లో ఒక దేశం ఇంకో దేశం మీద శాంక్షన్స్ పెట్టింది అని వస్తే, ఆంక్షలు, శిక్ష. ఒకే మాట, ఎదురెదురు అర్థాలు. నీ లిస్టులో ఏదో ఒకటే ఉంటుంది. క్వాలిఫై కూడా అంతే. మనకి క్వాలిఫై అంటే పాసవడం. ఒక మంత్రి ఫలానా బిల్లుకి క్వాలిఫైడ్ సపోర్ట్ ఇచ్చాడని ప్యాసేజీలో ఉంటే, అర్హతగల మద్దతు కాదు, షరతులు పెట్టిన మద్దతు. ఇలా మనకి బాగా తెలుసనుకున్న మాటలే ముంచుతాయి. తెలియని మాట దగ్గర ఎలాగూ జాగ్రత్తపడతాం.

లా చదువుతానంటున్నావు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. కోకా సుబ్బారావు గారు మన రాజమహేంద్రవరంలో పుట్టినవారు. 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆయన ధర్మాసనం తీర్పు చెప్పింది, మొత్తం పదకొండు మంది జడ్జీలు. ప్రాథమిక హక్కుల్ని తగ్గించే ఏ చట్టమూ చెయ్యకూడదని రాజ్యాంగం పదమూడో అధికరణంలో ఉంది. మరి రాజ్యాంగ సవరణ చట్టం కిందకి వస్తుందా రాదా? వస్తుందన్నవాళ్లు ఆరుగురు, వాళ్లలో సుబ్బారావు గారు ఒకరు. రాదన్నవాళ్లు అయిదుగురు. దేశమంతా ఎదురుచూసిన తీర్పు, 'లా' అనే ఒక్క మాటకి అక్కడ అర్థమేంటన్న దాని మీద నిలబడింది. 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు ఆ అభిప్రాయాన్ని మళ్లీ మార్చుకుంది. నువ్వు ఇప్పుడు నేర్చుకుంటున్నది పరీక్ష కోసమే అనుకోకు, రేపు నీ వృత్తి మొత్తం ఇదే.

సరే, మాటలు తెలిసినా వాక్యం ఎందుకు అందడం లేదు? నీ సమస్య ఇక్కడుందని నా అనుమానం. మన వాక్యం నడక వేరు, వాళ్ల వాక్యం నడక వేరు. ఈ తెలుగు వాక్యం చూడు:

నిన్న రాత్రి గాలికి పడిపోయిన కొబ్బరి చెట్టు కింద ఉన్న పాకలో కట్టేసిన గేదె బతికింది.

ఇందులో అసలు సంగతి గేదె బతికింది. గాలి, చెట్టు, పాక అన్నీ ముందే వచ్చేశాయి. చివర్లో గేదె, దాని పక్కనే బతికింది. రెండూ అంటుకునే ఉన్నాయి కాబట్టి మనకి కష్టం అనిపించదు. ఇదే సంగతి ఇంగ్లీషువాడు చెప్తే వరస ఇలా ఉంటుంది: గేదె, పాకలో కట్టేసి ఉన్నది, ఆ పాక చెట్టు కింద ఉన్నది, ఆ చెట్టు నిన్న రాత్రి గాలికి పడిపోయినది, బతికింది. గేదె మొదట్లో, బతికింది చివర్లో, మధ్యలో ఇంత మేట. చివరికి వచ్చేసరికి బతికింది ఎవరు, గేదెనా చెట్టా అని మనకి సందేహం. వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతాం. మూడుసార్లు చదివాక ఓపిక పోతుంది, ఏదో ఒక ఆప్షన్ పెట్టేస్తాం.

మీ నాన్నగారు కాయ ఒలుస్తుంటే చూసే ఉంటావు. నిలబెట్టిన గునపానికి కాయని గుచ్చి, మెలిపెట్టి, మూడు నాలుగు విరుపుల్లో డొక్క ఊడదీస్తారు. పీచు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంటే రోజుకి ఎన్ని కాయలవుతాయి? పొడుగు వాక్యానికీ అదే పద్ధతి. విచ్, హూ, దట్ అన్న మాట ఎక్కడ కనిపించినా, లేదా రెండు కామాల మధ్య ఏదైనా ఇరికించినా, అది డొక్క. పెన్సిల్‌తో బ్రాకెట్లో పెట్టెయ్యి. గేదె మీద ఒక వేలు, బతికింది మీద ఒక వేలు పెట్టు. ముందు ఆ రెండూ కలిపి చదువు. తర్వాత కావాలంటే బ్రాకెట్లోకి వెళ్లు. నెల రోజులు రోజుకి పది పొడుగు వాక్యాలు ఇలా చెయ్యి. రెండో నెలలో పెన్సిల్ అవసరం ఉండదు, కన్నే ఆ పని చేసుకుంటుంది.

నాకిది ఎవరు నేర్పారో చెప్తాను. డిగ్రీ చదివేటప్పుడు సఖినేటిపల్లి రేవు నుంచి నర్సాపురానికి రోజూ పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి కాలేజీకి వెళ్లేదాన్ని. గైడ్లు బట్టీ పట్టి మంచి మార్కులే తెచ్చుకునేదాన్ని. చూడని ప్యాసేజీ ఇస్తే మాత్రం చెమటలు పట్టేవి. మా ఇంగ్లీషు మాస్టారు కూడా అదే పంటు మీద వచ్చేవారు. ఒకరోజు చేతిలో ఉన్న ఇంగ్లీషు పేపరు మడిచి ఒక పేరా చూపించి, "ఇందులో ఈయన ఏమంటున్నాడో తెలుగులో ఒక్క ముక్కలో చెప్పమ్మా" అన్నారు. నేను మొదటి వాక్యం తెలుగులోకి మార్చడం మొదలుపెట్టాను. "అనువాదం వద్దు. ఇంటికెళ్లాక మీ అమ్మ అడిగితే ఏం చెప్తావు, అది చెప్పు" అన్నారు. నోరు పెగల్లేదు. పంటు అవతలి రేవుకి చేరేసింది, నేనింకా పేరాలోనే ఉన్నాను. మర్నాటి నుంచి రోజూ ఒక పేరా, రేవు దాటేలోపు ఒక్క ముక్క. దాదాపు ఏడాది అలా సాగింది. ఆ తర్వాత నాకు ఏ ప్యాసేజీ అన్నా భయం వెయ్యలేదు.

నువ్వూ అదే చెయ్యి. లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం రోజుకొకటి. ప్రతి పేరా పక్కన తెలుగులో ఒక్క ముక్క రాయి, ఏడెనిమిది మాటలు దాటకూడదు. తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో రాయమంటే ఆ పేరాలోని మాటలే మళ్లీ దించేస్తావు. తెలుగులో రాయాలంటే అర్థమైతే తప్ప కుదరదు. అదే విషయం మీద తెలుగు పేపర్లో సంపాదకీయం వచ్చి ఉంటే అది కూడా చదువు. ఇద్దరూ ఒకటే అంటున్నారా, ఎక్కడ విడిపోయారు? రెండు వాదనల్ని పోల్చమనే ప్రశ్నలు క్లాట్‌లో ఉంటాయి, వాటికి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు. కథల్లోంచి కూడా ప్యాసేజీలు ఇస్తారు కాబట్టి వారానికి ఒక ఇంగ్లీషు కథ చదువు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లీషు పుస్తకాలు ఫోన్లోకి ఉచితంగా దించుకోవచ్చు. పన్నెండో తరగతి స్థాయికి తగ్గట్టే ప్యాసేజీలు ఇస్తామని క్లాట్ వాళ్లే చెప్పారు.

చదివేటప్పుడు మలుపు మాటల మీద కన్నెయ్యి. బట్, హవెవర్, యెట్. వీటికి ముందున్నది చాలాసార్లు ఎదుటివాళ్ల మాట, తర్వాత వచ్చేది రచయిత సొంత మాట. ఆల్దో అని వాక్యం మొదలైతే, మొదటి సగం ఆయన ఒప్పుకుంటున్నది, రెండో సగం ఆయన అనదలచుకున్నది. మన 'అయినా' లాగే. "పిల్ల మంచిదే, అయినా..." అని పెళ్లిళ్ల పేరయ్య అన్నాడంటే, తర్వాత వచ్చే మాట కోసమే కదా అందరం చెవులు రిక్కించేది.

ఇప్పుడొక చిన్న ప్యాసేజీ కలిసి చేద్దాం. నేనే తెలుగులో రాశాను, భాష అడ్డు రాకుండా పద్ధతి కనిపిస్తుందని.

"మా ఊళ్లో చేపల, రొయ్యల చెరువుల వల్ల డబ్బు రాలేదని ఎవరూ అనరు. పెంకుటిళ్లు డాబాలయ్యాయి, పిల్లలు దూరపు కాలేజీలకి వెళ్లారు. అయితే చెరువు గట్టు పక్కన అరెకరం వరి వేసుకున్న రైతుని అడిగితే లెక్క వేరేగా ఉంటుంది. ఉప్పు ఊట అతని చేలోకి దిగింది. చెరువు అతనిది కాదు, నష్టం అతనిది. చెరువుకి అనుమతి ఇచ్చేవాళ్లు ఆ పక్క చేను వైపు కూడా ఒకసారి చూడాలి."

రచయిత ముఖ్యంగా అంటున్నదేంటి? ఆప్షన్లు నాలుగు. ఏ: చేపల, రొయ్యల చెరువుల్ని పూర్తిగా ఆపెయ్యాలి. బీ: చెరువుల వల్ల ఊళ్లు బాగుపడ్డాయి. సీ: అనుమతులు ఇచ్చేటప్పుడు పక్క రైతుకి కలిగే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. డీ: ఉప్పునీరు చేరితే వరి దిగుబడి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది.

డెల్టా పిల్లలు ఇలాంటిచోట ఏ గానీ డీ గానీ పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఎందుకంటే వాళ్లకి ఈ సంగతి తెలుసు. ఎవరి చేనో చౌడు తేలడం కళ్లారా చూసి ఉంటారు, కడుపు మండి ఉంటుంది. ఆ మంట న్యాయమైనదే. కానీ రచయిత ఆపెయ్యాలి అన్నాడా? చూడాలి అన్నాడు. పరిశోధనల ఊసు ఎత్తాడా? లేదు. డీలో ఉన్నది బయట నిజమే కావచ్చు, ఈ పేరాలో మాత్రం లేదు. బీ పేరాలో ఉంది, కాకపోతే అది 'అయితే'కి ముందున్న మాట. మిగిలింది సీ. అందులో మెరుపేమీ లేదు, పేరా చివరి వాక్యాన్నే వేరే మాటల్లో చెప్పింది. సరైన ఆప్షన్ చాలాసార్లు ఇలా సాదాగానే ఉంటుంది. ఓన్లీ, ఆల్వేస్, నెవర్, ఎంటైర్లీ లాంటి మాటలున్న ఆప్షన్ కనిపిస్తే, అంత గట్టిమాట రచయిత నిజంగా అన్నాడా అని వెనక్కి వెళ్లి చూసుకో.

నీ 14 తప్పుల్లో సగమైనా ఇలా నీకు తెలిసినదాన్ని రచయిత నోట్లో పెట్టడం వల్ల వచ్చినవే అయ్యుంటాయి. అందుకే ఒక నోటుబుక్కు పెట్టు. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకి రెండు సంగతులు రాయి. నేను పెట్టిన ఆప్షన్ ఎందుకు నచ్చింది? సరైనదానికి ఆధారం ప్యాసేజీలో ఏ వాక్యం? ఆ వాక్యాన్ని చూసి దించు. కొత్త పేపర్లు పది రాయడం కన్నా, రాసిన ఒక పేపర్ని ఇలా తిరగతోడడం మేలు. కొత్త మాటలు కూడా అందులోనే రాసుకో, విడిగా కాదు, అవి వచ్చిన వాక్యంతో సహా. రోజుకి అయిదు చాలు.

మైనస్ మార్కుల లెక్క కూడా చూద్దాం. తప్పుకి పావు మార్కు పోతుంది. 10 కరెక్ట్, 14 తప్పు అంటే 10లోంచి మూడున్నర పోయి ఆరున్నర. రెండు ఆప్షన్లు తప్పని ఖాయంగా తేల్చుకోగలిగితే మిగతా రెండిట్లో ఒకటి పెట్టెయ్యి, లెక్క ప్రకారం అది లాభమే. ఏదీ తేల్చుకోలేకపోతే వదిలెయ్యి. టైము కూడా నువ్వు భయపడినంత తక్కువేమీ కాదు. ప్యాసేజీకి ఆరు ప్రశ్నలనుకుంటే ఆరు నిమిషాలు. మూడు నిమిషాలు చదవడానికి, మూడు ప్రశ్నలకి. నిమిషానికి 150 మాటలు చదవాలి. ఇవాళ ఫోన్లో టైము పెట్టుకుని చూడు, నీది 90 ఉన్నా కంగారుపడకు. మొదటి రెండు నెలలు వేగం జోలికి అసలు వెళ్లకు. వాక్యం ఒలవడం వచ్చాక వేగం దానంతటదే వస్తుంది, నా క్లాసుల్లో ఏటా చూసిన సంగతే ఇది.

హైదరాబాద్ విషయం. ఇప్పుడు వద్దు. మీ నాన్నగారి ప్రేమకి చేతులెత్తి దణ్ణం పెడతాను, కానీ ఒలుపు కూలి మీద బతికే ఇల్లు వడ్డీకి డబ్బు తెచ్చి, ఇంగ్లీషు సెక్షన్ కోసమని నిన్ను హాస్టల్లో పెట్టడం నాకు సమ్మతం కాదు. చదివే అలవాటు ఎవరో క్లాసులో కూర్చోబెట్టి ఎక్కించేది కాదు, అది అమలాపురం బస్సులో కూడా వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు, నమూనా పేపర్లు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 2020 కన్నా పాతవి మాత్రం ఇంగ్లీషు సాధనకి వాడకు, ఆ పద్ధతి వేరు. కరెంట్ అఫైర్స్‌కో లీగల్ రీజనింగ్‌కో సాయం కావాలనిపిస్తే సెప్టెంబర్లో తక్కువ ఖర్చులో ఆన్‌లైన్ టెస్టుల గురించి ఆలోచిద్దాం. లీగల్, లాజికల్ సెక్షన్లు కూడా ప్యాసేజీలే కాబట్టి ఇక్కడ పడిన కష్టం అక్కడా పనికొస్తుంది. విశాఖలో దామోదరం సంజీవయ్య, హైదరాబాద్‌లో నల్సార్, ఈ రెండు లా యూనివర్సిటీల్లోనూ సీటు క్లాట్ ద్వారానే. క్లాట్‌తోపాటు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఎంట్రన్స్ సీయూఈటీ, మన రాష్ట్ర లా ఎంట్రన్స్ ఏపీ లాసెట్ కూడా రాయి. సీయూఈటీ ఇంగ్లీషులో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు విడిగా అడుగుతారు, నువ్వు బట్టీ పట్టిన 1,800 మాటలూ అక్కడ పనికొస్తాయి.

ఇంకొక్కటి. క్లాట్ ఈ మధ్య మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగు దాకా పెడుతున్నారు, ఓఎంఆర్ షీటు మీద పెన్నుతో. మన ఊళ్లల్లో అది అన్నం తిని కునుకు తీసే వేళ. ఆగస్టు నుంచి ప్రతి ఆదివారం సరిగ్గా రెండింటికి ఒక పూర్తి పేపరు రాయి. ఆ పూట భోజనం కొంచెం తేలిగ్గా పెట్టమని, నాలుగు దాకా ఏ పనికీ పిలవొద్దని మీ అమ్మగారికి ముందే చెప్పు. ఓఎంఆర్ షీటు అమలాపురంలో జెరాక్స్ తీయించుకో. నెల తిరిగాక నీ తప్పుల నోటుబుక్కులో మొదటి నాలుగు పేజీలు నాకు పంపించు, ఆధారం వాక్యాలతో సహా. కూర్చుని చూసి జవాబు రాస్తాను.